మద్దెల లేని దెబ్బ

ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి నేను ఎన్ని ఊళ్ళలో చచ్చానో నాకే గుర్తులేదు. మాది చిందు భాగోతం ఆడే ఇల్లు. జగిత్యాల చుట్టూ ఊరూరా తిరిగి ఆడేవాళ్ళం. మా నాయనది దేవుడి వేషం, నాది రాక్షసుడి వేషం. కాబట్టి వేసవి పొడుగునా మా నాయన చేతిలో చావడమే నా పని. చచ్చే ముందు చెంపదెబ్బలు, డొక్కలో తన్నులు, జుట్టు పట్టి ఈడ్చడం, అన్నీ ఉండేవి. ఒక్కటీ ఒంటికి తగిలేది కాదు. చెయ్యి నా చెంపకు జానెడు దూరం నుంచి పోయేది, సరిగ్గా అప్పుడే మద్దెల మోగేది, నేను మెడ విదిలించి పడేవాణ్ణి. కిరీటం ఎగిరి జనంలో పడేది. ముందు వరసలో ముసలమ్మలు "అయ్యో, పిలగాన్ని సంపుతుండ్రు" అని కొంగు నోట్లో పెట్టుకునేవాళ్ళు.

"దెబ్బ చేతిల ఉండదురా, మద్దెలల ఉంటది" అనేవాడు మా నాయన.

మా మేళంలో ఒక కట్టుబాటు ఉండేది. ఒకరి మీద ఒకరికి కోపమున్న ఇద్దరిని ఆ రోజు ఎదురెదురుగా ఆడించరు. అంతేకాదు, లోపల పగ పెట్టుకు తిరిగేవాడికి ఈ ఉత్తుత్తి దెబ్బ అసలు నేర్పరు. కోపమున్న చెయ్యి జానెడు దూరంలో ఆగదు. ఇంత తెలిసి కూడా నేను జిజాన్‌లో ఆ కట్టుబాటు తప్పాను. బుద్ధి గడ్డి తిన్నది, ఇంకేం చెప్పను.

భాగోతం చూసేవాళ్ళు తగ్గాక ఏసీ పని నేర్చుకుని సౌదీ ఎక్కాను. జిజాన్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ. ఎర్ర సముద్రం పక్కన రిఫైనరీ పనులు, రేకుల క్యాంపు, ఉప్పగాలి. అక్కడ దెబ్బకు మద్దెల అక్కర్లేదని మొదటి వారంలోనే తెలిసింది.

కొట్టేది మా ఫోర్‌మన్. ఎవరో పరాయివాడు అనుకునేరు, మా జిల్లావాడే. చేతిలో ఏదుంటే దానితో కొట్టేవాడు. స్పానరు, కేబుల్ ముక్క, హెల్మెట్. ఒకసారి ఒక బెంగాలీ చేతి మీద పైపు రెంచి విసిరితే వేలి గోరు ఊడి గ్లౌజులోనే ఉండిపోయింది. ఆ మనిషి గ్లౌజు విప్పి, లోపలికి చూసి, మళ్ళీ తొడుక్కుని పని చేశాడు. ఫిర్యాదు చెయ్యొచ్చు కదా అంటారు మీరు. ఫిర్యాదు కాగితం ఫోర్‌మన్ సంతకం లేకుండా ఆఫీసు దాకా పోదు మరి. దొంగ చేతికే తాళాలిచ్చినట్టు.

అందరికంటే ఎక్కువ దెబ్బలు తిన్నది మా బావ. సొంత బావ కాదు. పక్క ఊరివాడు, నా గదిలో కింది మంచం మనిషి, వరస కలుపుకున్నాం. స్కాఫోల్డింగ్, అంటే పరంజాలు కట్టే పని. విరిగిన చెక్క మీదికి మనుషుల్ని ఎక్కిస్తున్నారని ఒకసారి ఒక ఇంజినీరు ముందు నోరు జారాడు. ఆ రోజు నుంచి ఫోర్‌మన్ అతని ఎడమ మోకాటి కింద, ఎముక మీద, సేఫ్టీ బూటు ముక్కుతో తన్నేవాడు. ప్రతిసారీ అదే చోట. పుండు ఎండేలోగా మళ్ళీ తన్ను. బావ కుంటుతూనే పని ముగించేవాడు. గదికి వచ్చి ప్యాంటు పైకి మడిచి, రక్తానికి అంటుకున్న బట్టను నీళ్ళతో తడిపి మెల్లగా ఊడదీసుకునేవాడు.

"ఇంకో నాలుగు నెల్లు బామ్మర్దీ. ఫైనల్ ఎగ్జిట్ పెట్టిన, ఇగ మల్ల రాను. గీ కాలు ఒక్కటి ఊరికి తీస్కపోతే సాలు" అనేవాడు.

అతని ఓర్పు చూసి అతన్ని పగ లేని మెత్తని మనిషి అనుకున్నాను. తప్పు అక్కడే పడింది.

మా కంపెనీకి సేఫ్టీ ఇంజినీరుగా ఒక జర్మనీ సారు ఉండేవాడు. అరవై దాటినవాడు, ఒంటరి మనిషి. ఒకసారి ఆయన క్వార్టర్లో ఏసీ కారుతుంటే వెళ్ళాను. నిచ్చెన ఎక్కితే ఎదురుగా గోడ మీద ఒక నలుపు తెలుపు ఫోటో. సున్నం పూసినట్టు తెల్లని మొహం, కళ్ళ చుట్టూ మసి, తెరుచుకున్న నోరు, ఆ గొంతు మీద ఇంకెవరివో రెండు చేతులు. మా ఇంటి మనిషిని చూసినట్టనిపించింది. "ఎవరు సార్ ఈ రాక్షసుడు?" అని నా వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను. తన తాత అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నేనూ రాక్షసుడినే సార్ అని చెప్పి, సిగ్గు దాచుకోవడానికి నిచ్చెన దిగి, ఎవరో గుండెలో పొడిచినట్టు ఆయన కార్పెట్ మీద ఒక పడుడు పడి చూపించాను. ఆయన నవ్వి, చప్పట్లు కొట్టి, టీ పెట్టాడు. ఆ తర్వాత ఏసీ బాగానే ఉన్నా పిలిచేవాడు.

ఆ టీల మీద కొన్ని వారాలపాటు ఆ తాత బతుకంతా విన్నాను. ఆయనది బొగ్గు గనుల ఊరట. పదహారేళ్ళకే తిరునాళ్ళలో దెబ్బలు తినే పనికి కుదిరాడు. నవ్వకండి, అది నిజంగా ఒక పనే. డేరా ముందు చొక్కా విప్పి నిలబడాలి. టికెట్ కొన్నవాడు వచ్చి కడుపులో ఒక గుద్దు గుద్దుతాడు. పడితే పని పోతుంది. ఒక సినిమా డైరెక్టరు ఊరికే చూద్దామని టికెట్ కొని గుద్దాడు. గుద్దాక ఆ కుర్రవాడి మొహం చూసి బెర్లిన్ తీసుకుపోయాడు.

అవి మాటల్లేని సినిమాలు. ఆయన్ని దుర్మార్గుణ్ణి చేశారు. సినిమా సినిమాకీ చావు. మెట్ల మీది నుంచి దొర్లి చావు, నదిలో మునిగి చావు, ఉరి, కత్తి. లైట్ల మంటకు కళ్ళు వాచిపోతే ఆలుగడ్డ ముక్కలు కళ్ళ మీద పెట్టుకుని పడుకునేవాడు. మాకు మద్దెలైనా ఉంది, వాళ్ళకు అదీ లేదు. చప్పుడు లేని సినిమాలో మొహమే అరవాలి. అందుకని హీరోతో నిజంగా కొట్టించేవాళ్ళు. ఏ దెబ్బ నిజమో ముందు చెప్పేవాళ్ళు కాదు. చెబితే మొహం ముందే ముడుచుకుంటుంది, కెమెరా పట్టేస్తుందని. ముక్కు మూడుసార్లు విరిగింది, పక్కటెముకలు రెండు. సారు తన ముక్కు మీద వేలు రాస్తూ ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని చూపించాడు.

తర్వాత మాటల సినిమాలొచ్చాయి. అంత భయంకరమైన మొహంలోంచి చిన్నపిల్లాడి గొంతు లాంటి సన్న గొంతు వచ్చేసరికి హాలంతా పడీపడీ నవ్విందట. ఇక ఎవరూ పిలవలేదు. అవే రోజుల్లో అక్కడ ఖాకీ చొక్కాల గుంపులు వీధుల్లో మనుషుల్ని కొట్టడం మొదలైంది. పక్కింటి యూదు దర్జీ దుకాణం పగలగొడుతుంటే ఈయన అడ్డం పోయాడు. ఆరేడుగురు కలిసి నడివీధిలో పడేసి బూట్లతో తొక్కారు. జనం మూగారు. ఆ మొహం అందరూ ఎరిగిందే, ఎప్పుడూ తన్నులు తిని చచ్చే మొహం. సినిమా తీస్తున్నారనుకున్నారు. కెమెరా ఎక్కడుందని మెడలు చాచి వెతికారు. చప్పట్లు కొట్టారు. ఒకామె పిల్లను భుజం మీదికి ఎత్తుకుని మరీ చూపించిందట. కాపాడండి అని ఆయన అరిచాడు. ఆ సన్న గొంతు విని ఇంకా నవ్వారు.

ఒక కన్ను పోయింది. మిగిలిన బతుకంతా ఒక సినిమా హాలు గుమ్మంలో టికెట్లు చింపుతూ గడిపాడు. ఒక్కనాడూ లోపలికి తొంగి చూడలేదట. ఇది విన్న రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. ఎప్పుడో, ఏ దేశంలోనో చచ్చిపోయిన జనం మీద కోపం ఏమిటంటే ఏం చెప్పను, వచ్చింది. కప్పు కింద పెట్టి, ఏసీ ఫిల్టరు కడిగే నెపంతో బాత్‌రూమ్‌లోకి పోయి మొహం కడుక్కున్నాను.

గదికి వచ్చి బావకు మొత్తం చెప్పాను. అతను పుండు మీద మందు రాసుకుంటూ విన్నాడు. "దెబ్బ ముందుగాల జెప్పకుంటనే కొట్టేదా?" అని ఒక్కటే అడిగాడు. అవునన్నాను.

ఒక శుక్రవారం జుమ్మా నమాజు, భోజనాలు అయ్యాక సారు మెస్సులో గోడ మీద తాత సినిమా వేశాడు. మాటల్లేవు కాబట్టి పాకిస్తానీలకూ, బెంగాలీలకూ, మాకూ అందరికీ సమానమే. నేను పక్కన నిలబడి హిందీ, తెలుగు కలిపి వ్యాఖ్యానం మొదలుపెట్టాను. స్టీలు పళ్ళెం మీద గరిటెతో మద్దెల మోత కూడా నేనే. మెస్సు ఊగిపోయింది. సినిమా అయిపోయినా జనం లేవలేదు, ఇక్కడ ఆడి చూపించమన్నారు. నేను రాక్షసుణ్ణి, మరి కొట్టేవాడెవడు? బావను లాగాను. అప్పటికే రెండు వారాలుగా గదిలో సరదాకు అతనికి ఉత్తుత్తి దెబ్బ నేర్పుతున్నాను. చెయ్యి బాగా తిరిగింది. ఆ రోజు అతను నన్ను పది సార్లు కొట్టాడు, ఒక్కటీ తాకలేదు. నా హెల్మెట్ ఎగిరి సాంబారు గిన్నెలో పడింది. ఎవడో వెనక నుంచి "అరే, ఫోర్‌మన్ కో మారో" అని అరిచాడు. అంతే, ప్రతి దెబ్బకూ మెస్సంతా అదే కేక. గుమ్మంలో ఫోర్‌మన్ నిలబడి ఉన్నాడని నేను చాలా ఆలస్యంగా చూశాను.

ఆ తర్వాతి బుధవారం స్టోరు యార్డులో, సామాను దింపే ఎత్తు అరుగు మీది నుంచి ఫోర్‌మన్ పడిపోయాడు. కింద పైపుల మీద పడి భుజం ఎముక విరిగింది, తల పగిలింది. బావ కొట్టి తోసేశాడని ఆసుపత్రిలోనే చెప్పాడు. బావ ఎగ్జిట్‌కు అప్పటికి పదహారు రోజులుంది. కేసు పోలీసుల దాకా పోతే ఎగ్జిట్ ఆగిపోతుంది, జైలు తప్పదు. ఎన్నేళ్ళో ఎవరికీ తెలియదు.

గదిలో బావ ప్యాంటు మడిచి కాలు చూపించాడు. "ర్యాకు ఎనుక నిలవెట్టి కాలు మీద నాలుగు తన్నులు తన్నిండు. భాగోతం ఆడుతవారా అని తన్నిండు. అరుగు మీదికి అచ్చినంక నువ్వు నేర్పిన తీరే చెయ్యి ఇసిరిన. తాకలే బామ్మర్దీ. వాడే బెదిరి పడ్డడు" అన్నాడు. నేను నమ్మాను. నేర్పింది నేనే కదా, నమ్మకపోతే ఎలా?

విచారణ ఆఫీసు గదిలో. మా ముదీర్, అంటే అక్కడి సౌదీ మేనేజరు, నిదానస్తుడు, ఎవరి మాటా మధ్యలో తుంచడు. పక్కన జర్మనీ సారు. ఇటు బావ, అటు కట్టు కట్టిన భుజంతో ఫోర్‌మన్. బావ నన్ను సాక్షిగా అడిగాడు కనుక నేను. గోడ మీది టీవీలో యార్డు కెమెరా వీడియో వేశారు. ర్యాకు వెనక తన్నులు కెమెరాకు అందలేదు. అరుగు మీద మాత్రం ఉంది. ఫోర్‌మన్ వీపు కనిపిస్తోంది. బావ చెయ్యి లేచింది, ఫోర్‌మన్ మెడ తిరిగింది, హెల్మెట్ ఎగిరి కమ్మీకి తగిలింది, మనిషి కిందికి పోయాడు. చప్పుడు లేదు. మూడుసార్లు చూశాం. చెయ్యి తాకిందో లేదో ఫోర్‌మన్ తలే అడ్డం.

తాకకపోతే హెల్మెట్ ఎందుకు ఎగురుతుందని ఫోర్‌మన్ అడిగాడు. నాకు పౌరుషం తన్నుకొచ్చింది. పదేళ్ళు నా కిరీటం ఎగిరింది, ఎవరు తాకితే ఎగిరింది? అదే అరుగు మీద, అదే కెమెరా కింద బావ నాకు ఉత్తుత్తి దెబ్బ కొడతాడు, నా హెల్మెట్ ఎగరకపోతే అప్పుడడగండి అన్నాను. ముదీర్ టీవీ ఆపించాడు. రెండు వీడియోలూ ఒకేలా ఉంటే కొట్టినట్టు రుజువు లేదు, కాగితం పోలీసులకు పోదు, లేకపోతే పోతుంది అన్నాడు. న్యాయమైన మాటే.

వాళ్ళంతా టీవీ ముందే కూర్చున్నారు. మేమిద్దరం అరుగెక్కాం. కింద ఇసుక బస్తాలు పరిచారు. పక్కన జనరేటరు హోరుమంటోంది. నేను హెల్మెట్ పట్టీ వదులు చేసుకుని కెమెరాకు వీపు పెట్టి నిలబడ్డాను. భయపడకు బావా, మెస్సులో కొట్టినట్టే కొట్టు, మిగతాది నేను చూసుకుంటా అన్నాను. అతను నా కళ్ళలోకి చూడలేదు. పెదాలు కదిలాయి. ఏదో అన్నాడు, జనరేటరు హోరులో వినపడలేదు.

దెబ్బ దవడ మీద పడింది. ఒళ్ళంతటి బలంతో కొట్టాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. హెల్మెట్ ఎగిరింది, నేను ఎగరేయలేదు. లోపల దంతం విరిగిన చప్పుడు నాకు చెవిలోంచి కాదు, ఎముకలోంచి వినపడింది. బస్తాల మీద పడేలోపలే మొత్తం అర్థమైపోయింది. వీడు వాణ్ణి నిజంగానే కొట్టాడు. నిజం దెబ్బకు సరిపోలేది నిజం దెబ్బే కనుక నన్నూ కొట్టాడు. నన్ను, పై మంచంలో పడుకునేవాణ్ణి, అన్నం పంచుకునేవాణ్ణి.

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. నోరు నిండా రక్తం. లేచి, దుమ్ము దులుపుకుని, కెమెరా వైపు తిరిగి నవ్వాను. పెదాలు మూసే నవ్వాను. రక్తం మింగాను. పన్ను ముక్క గొంతుకు అడ్డం పడితే దాన్నీ మింగాను. పదేళ్ళ భాగోతంలో అంత కష్టమైన వేషం నేను కట్టలేదు.

ఆఫీసులోకి వచ్చేసరికి రెండు వీడియోలూ పక్కపక్కన ఆడుతున్నాయి. అచ్చు గుద్దినట్టున్నాయి. ముదీర్ నన్ను సూటిగా అడిగాడు, నీకు చెయ్యి తగిలిందా అని. "లా" అన్నాను. లేదని. నోరు వీలైనంత తక్కువ తెరిచి అన్నాను.

ఫోర్‌మన్ కుర్చీలోంచి లేచాడు. "అబద్ధం సార్, వీన్ని గూడ కొట్టిండు! వాని నోరు తెరిపియ్యుండ్రి!" అని తెలుగులోనే అరిచి, తర్వాత హిందీలో, తర్వాత అరబ్బీలో అరిచాడు. అంతకాలంలో అతని నోటి నుంచి నేను విన్న నిజం అదొక్కటే. సారు అప్పటికే నాకు గ్లాసు అందించాడు. ఒక గుక్క తాగితే నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆయన చూశాడు. నా దవడ వైపు చూశాడు, మళ్ళీ గ్లాసు వైపు చూశాడు. ముదీర్ తల తిప్పేలోపు నా చేతిలోంచి గ్లాసు తీసుకుపోయి సింకులో ఒంపేశాడు. మనిషి నోరు తెరిచి పళ్ళు చూడ్డానికి ఇది పశువుల అంగడి కాదన్న అర్థం వచ్చే మాటేదో గట్టిగా అని, రుజువు లేదన్న కాగితం మీద సంతకం పెట్టాడు. ముదీర్ కూడా పెట్టాడు.

గదిలో బావ నా మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. "వాన్ని గట్లనే కొట్టిన బామ్మర్దీ. మూడేండ్ల దెబ్బలు ఒక్కపారే అచ్చినయి, చెయ్యి ఆగలే" అన్నాడు.

"ముందుగాల నాకెందుకు జెప్పలే?" అన్నాను. దవడ వాచి మాట సరిగా రాలేదు.

"జెప్తే నీ మొకం ముందే ముడుసుకుంటది. కెమెరాల దొరుకుతం."

అతని లెక్క తప్పని ఎలా అంటాను? కానీ బావా, నాకు వాడి తల పగిలినా బాధ లేదు, నీకోసం పన్ను పోయినా బాధ లేదు. అడిగితే ఇచ్చేవాణ్ణి. అడగకుండా తీసుకున్నావు. ఈ మాట ఆ రోజు అనలేదు, మూతి బిగించి గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఫోర్‌మన్‌ను వేరే సైటుకు మార్చారు. జర్మనీ సారు మళ్ళీ నన్ను టీకి పిలవలేదు, నేనూ వెళ్ళలేదు. గోడ మీది ఆ మొహాన్ని చూస్తూ ఇద్దరం ఏం మాట్లాడుకుంటాం?

ఫోర్‌మన్ పడ్డ పదహారో రోజు మధ్యాహ్నం కంపెనీ బస్సు బావను ఎయిర్‌పోర్టుకు తీసుకుపోవడానికి వచ్చింది. క్యాంపంతా గేటు దగ్గర నిలబడింది. అతను అందరినీ కావలించుకుని, చివరికి నా ముందుకు వచ్చాడు. కళ్ళ నిండా నీళ్ళు. నా భుజం మీద వెయ్యడానికి చెయ్యి ఎత్తాడు. నేను మొహం అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి పోయాను. కావాలని కాదు, ఒళ్ళు దానంతట అదే పోయింది. అందరూ నేను భాగోతం ఆడుతున్నాననుకుని పెద్దగా నవ్వారు. బావ నవ్వలేదు. చెయ్యి దించుకుని బస్సెక్కాడు.